షుగర్ ఉన్న కాలికి నొప్పి లేకపోతేనే భయపడాలి: రాయవేలూరు సర్జన్ పాల్ బ్రాండ్ కనిపెట్టిన సంగతి

మన ఇళ్ళల్లో షుగర్ గురించి మాటొస్తే అంతా నంబర్లే. ఫాస్టింగ్ ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత, డాక్టరు ఏ మాత్ర మార్చారు. పెరంబూరులో అయినా అయనావరంలో అయినా టీ నగర్‌లో అయినా నలుగురు తెలుగువాళ్ళు కూర్చుంటే ఈ లెక్కలు రాకుండా ఉండవు. కాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అరికాల్లో పుండు పడి, నెలల తరబడి మానక, చివరికి వేలో పాదమో తీసేయాల్సి వచ్చినవాళ్ళు మన చుట్టాల్లోనే ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళని అడిగి చూడండి, ముందు వచ్చే మాట ఇదే: "నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను."

నొప్పి లేదు గనక పుండుని పట్టించుకోలేదు అని మనం అర్థం చేసుకుంటాం. కానీ అసలు ఆ పుండు పడిందే నొప్పి లేకపోవడం వల్ల. ఈ సంగతిని మనిషి మనిషినీ చూసి, గాయం గాయాన్నీ ఆరా తీసి తేల్చింది చెన్నైకి నూట ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో, మన చిత్తూరు, కడప, నెల్లూరు వాళ్ళంతా రాయవేలూరు అని పిలుచుకునే వేలూరులో, అదీ షుగర్ మీద కాదు, కుష్ఠు మీద పనిచేసిన ఒక ఎముకల సర్జన్. ఆయన పేరు పాల్ బ్రాండ్. సెంట్రల్‌లో రైలెక్కి కాట్పాడిలో దిగి అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్ళొచ్చే వేలమంది తెలుగువాళ్ళలో ఈ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే ఇదంతా కొంచెం వివరంగా రాస్తున్నాను.

బ్రాండ్ పుట్టింది 1914లో, ఇప్పటి నామక్కల్ జిల్లాలోని కొల్లి కొండల్లో. తల్లిదండ్రులు ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు, జెస్సీ, ఎవలిన్. డాక్టర్లు కారు, ఏదో కొద్దిపాటి శిక్షణ తీసుకుని వచ్చారు, కానీ ఆ కొండ మీద వైద్యం తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేకపోవడంతో పళ్ళు పీకడం, కురుపులు కోయడం, జ్వరాలకు మందులివ్వడం అన్నీ వాళ్ళే చేసేవాళ్ళు. కుష్ఠు ఉన్న ముగ్గురు మనుషులు ఒకరోజు ఇంటికి వస్తే, పిల్లల్ని దగ్గరికి రావద్దని చెప్పి తండ్రి చేతికి తొడుగులు వేసుకుని వాళ్ళ పాదాలు కడిగి కట్టు కట్టడం ఆ పిల్లాడు దూరం నుంచి చూశాడు. తొమ్మిదో ఏట చదువు కోసం ఇంగ్లండ్ పంపించారు. 1929లో తండ్రి మలేరియా ముదిరి వచ్చే ఒక తీవ్రమైన జ్వరంతో కొండ మీదే చనిపోయారు, అప్పటికి కొడుకు ఆయన్ని చూసి ఆరేళ్ళు దాటింది. తల్లి మాత్రం కొండల్ని వదల్లేదు. గుర్రం మీద ఊరూరూ తిరుగుతూ 1974లో, తొంభై అయిదేళ్ళ వయసులో పోయేవరకూ అక్కడే ఉన్నారు. ఆమె కథ ఇంకో వ్యాసమే అవుతుంది.

బ్రాండ్ స్కూలు అవగానే నేరుగా మెడిసిన్‌కి వెళ్ళలేదు. ముందు వడ్రంగం, ఇళ్ళు కట్టే పని నేర్చుకున్నాడు, కొన్నేళ్ళు పనిముట్లు పట్టుకుని చేశాడు. తండ్రిలాగే తానూ ఇండియాలో ఇళ్ళు కట్టాలని ఉద్దేశం. తర్వాత మనసు మారి లండన్‌లో డాక్టరయ్యాడు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడుల్లో నలిగిపోయిన చేతుల్ని కుట్టి కుట్టి సర్జన్‌గా రాటుదేలాడు. ఈ వడ్రంగాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1946లో రాబర్ట్ కాక్రేన్ అనే కుష్ఠు నిపుణుడు పిలిస్తే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది.

అసలు మలుపు వేలూరులో కాదు, చెంగల్పట్టులో వచ్చింది. ఇప్పుడు చెన్నై వాళ్ళు లోకల్ ట్రైన్‌లో వెళ్ళొచ్చేంత దగ్గర. అక్కడి లేడీ విల్లింగ్డన్ కుష్ఠు శానటోరియంని కాక్రేన్ తిప్పి చూపిస్తున్నప్పుడు (అదే 1955లో కేంద్ర ప్రభుత్వ కుష్ఠు పరిశోధన సంస్థ అయింది) బ్రాండ్ కళ్ళు రోగుల చర్మం మీద కాకుండా చేతుల మీద ఆగిపోయాయి. వేళ్ళు ముడుచుకుపోయి పక్షి గోళ్ళలా వంకరతిరిగినవి, పొట్టివై మొండి అయినవి. ఇలా ఎందుకవుతున్నాయి, వీటికి ఏం చేస్తున్నారు అని అడిగితే, ఎముకల డాక్టరువి నువ్వు, నన్నడిగితే ఎలా అన్నట్టు మాట్లాడారు కాక్రేన్. అప్పటిదాకా ఆ చేతుల్ని పనిగట్టుకుని అధ్యయనం చేసిన ఆర్థోపెడిక్ సర్జన్ దాదాపు లేడు. ముడుచుకుపోయిన ఒక చేతిలో బ్రాండ్ తన చెయ్యి పెట్టి, గట్టిగా పిసకమన్నాడు. చెయ్యి నలిగిపోయేంత నొప్పి. ఆ ఒక్క పట్టుతో రెండు సంగతులు తెలిశాయి: ఈ కండరాలు చచ్చిపోలేదు, మంచి బలంతో ఉన్నాయి. ఎదుటి మనిషికి నొప్పి పుట్టేంతగా పిసుకుతున్నానని ఇతనికి తెలియడం లేదు.

మొదటి సంగతి ఆపరేషన్‌కి దారి తీసింది. కుష్ఠు క్రిమికి చల్లటి చోట్లు ఇష్టం. నరాలు చర్మానికి దగ్గరగా వచ్చే చోట, అంటే మోచేయి వెనక, మణికట్టు దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర అది నరాన్ని దెబ్బతీస్తుంది. చనిపోయిన ఒక రోగి శరీరాన్ని చెంగల్పట్టులో కోసి చూసినప్పుడు సరిగ్గా ఆ చోట్లలోనే నరాలు ఉబ్బి కనబడ్డాయి. కాబట్టి అరచేతిలో ఉండే చిన్న కండరాలు పడిపోతాయి గానీ, వాటికంటే పైనుంచి నరం అందే ముంజేతి కండరాలు చాలావరకు బాగానే ఉంటాయి. అలా పనిచేసే కండరంలో ఒకదాన్ని పడిపోయినదాని పని చెయ్యమని దారి మళ్ళించొచ్చు. 1948 నుంచి బ్రాండ్ ఈ ఆపరేషన్లు మొదలుపెట్టాడు. తర్వాత ఆయన పేరుతో నిలిచిన పద్ధతిలో, మణికట్టును పైకి లేపే కండరాల్లో ఒకదాన్ని తీసుకుని, కాలి పిక్కలో ఉండే, లేకపోయినా నడకకు ఇబ్బంది రాని ఒక సన్నటి టెండన్‌ని (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) కోసి తెచ్చి దానికి అతికించి, నాలుగు పాయలు చేసి, నాలుగు వేళ్ళకూ కుడతారు. ఆపరేషన్‌తో అయిపోదు, నిన్నటిదాకా మణికట్టు లేపిన కండరంతో ఇవాళ వేళ్ళు చాచాలని మెదడుకి నేర్పించాలి. ఆ నేర్పించే పని వారాల తరబడి ఫిజియోథెరపీ వాళ్ళది, వాళ్ళ పేర్లు ఎక్కడా పెద్దగా కనపడవు.

చేతులు బాగయ్యాయి, మనుషుల బతుకులు బాగవలేదు. చెయ్యి సరిగ్గా ఉంటే భిక్ష పడదు, కుష్ఠు అని తెలిస్తే పని ఇవ్వరు. అడుక్కోవడానికి కూడా పనికిరాని చేతులు ఇచ్చారు మీరు అని రోగులే వచ్చి చెప్పారు. ఇది ఆయన మనసుకి బాగా తగిలిన మాట. దాంతో వేలూరు కాలేజీ ఆవరణలో నవజీవ నిలయం అనే చిన్న కాలనీ కట్టారు. కొన్ని ఇళ్ళు, ఒక వర్క్‌షాపు, అందులో చెక్క బొమ్మలు, వడ్రంగం. పాత వడ్రంగి చెయ్యి అక్కడ పనికొచ్చింది, డాక్టరు తానే నిలబడి పని నేర్పేవాడు.

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన పని జరిగింది ఆ వర్క్‌షాపులోనే, ఆపరేషన్ థియేటర్లో కాదు.

ఎందుకంటే అప్పటిదాకా లోకమంతా నమ్మింది ఏంటి? కుష్ఠు వస్తే మాంసం కుళ్ళి వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని. పెద్దరోగం అని మన ఊళ్ళల్లో గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు, ఆ భయానికి మూలం ఈ నమ్మకమే. బ్రాండ్ చూస్తే ఆపరేషన్ చేసిన గాయాలు మామూలు మనుషుల్లో మానినట్టే మానుతున్నాయి. కుళ్ళే మాంసమైతే ఎలా మానుతుంది? ఒకసారి తుప్పు పట్టిన తాళం ఎంత తిప్పినా ఆయనకు రాలేదు, పక్కనే ఉన్న ఒక పిల్లాడు నేను తీస్తానని ముందుకొచ్చి ఒక్క తిప్పుతో తీసేశాడు. నేల మీద రక్తం చుక్కలు. పిల్లాడి వేలు చూస్తే తాళంచెవి ఎముక దాకా కోసేసింది, వాడికి తెలియనే తెలియదు. మనమైతే అంత బలం పెట్టలేం, పెట్టకముందే నొప్పి ఆపేస్తుంది.

అక్కడినుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. నవజీవ నిలయంలో ఎవరికి ఏ చిన్న గాయమైనా రోగం వల్ల వచ్చిందని వదిలెయ్యకూడదు, కారణం దొరికేదాకా వెతకాలి. పని అయ్యాక రోజూ చేతులూ కాళ్ళూ చూసుకోవాలి. వెతికితే కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సన్నటి పిడి ఉన్న సుత్తిని అవసరానికి మించి గట్టిగా పట్టుకోవడం. కాలుతున్న గ్లాసు చేత్తో అలాగే పట్టుకు కూర్చోవడం. చెప్పులో మేకు గుచ్చుకున్నా రోజంతా నడవడం. పిడులు లావు చేశారు, పనిముట్లు మార్చారు, పుళ్ళు తగ్గాయి. ఒక్కటి మాత్రం అంతు చిక్కలేదు: రాత్రి పడుకునేటప్పుడు బాగున్న వేలు పొద్దున లేచేసరికి కొంచెం తగ్గి ఉండేది. రాత్రంతా కాపలా కాసి చూస్తే ఎలుకలు! వచ్చి వేలు కొరుకుతుంటే నిద్రపోతున్న మనిషికి మెలకువ రావడం లేదు. అప్పటినుంచి ఇంటికి వెళ్ళే రోగులకు ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. వేళ్ళు కుష్ఠు తినడం లేదు, గాయాలూ ఇన్‌ఫెక్షన్లూ తింటున్నాయి, కుష్ఠు చేసేదల్లా ఆ గాయాల కబురు మెదడుకి అందకుండా చెయ్యడం. ఆయన భార్య మార్గరెట్ కంటి డాక్టరు, ఆవిడ కళ్ళలోనూ ఇదే చూశారు. కంటి పొర మీద స్పర్శ పోతే మనిషి రెప్ప వెయ్యడం మానేస్తాడు, కన్ను ఎండి చూపు పోతుంది.

ఈ పనంతా పెరిగి పెద్దదై 1955లో వేలూరు బయట కరిగిరిలో ప్రత్యేకంగా ఒక కుష్ఠు ఆస్పత్రి వచ్చింది. మన వైపు డిచ్‌పల్లిలో 1915 నాటికే కుష్ఠు ఆస్పత్రి ఉంది, విజయనగరం వైపు సాలూరులో ఉంది, రోగులకు నీడ దొరికే చోట్లు లేవని కాదు. కానీ పోయిన చేతిని తిరిగి పనికి తేవచ్చు అన్న ధైర్యాన్ని, చేసి చూపించే శిక్షణని ఊరూరికీ పంపింది వేలూరు, కరిగిరే.

ఇప్పుడు పాదాల సంగతి. మామూలు మనిషి చాలాదూరం నడిస్తే తనకే తెలియకుండా అడుగు మారుస్తాడు, మడమ మీద బరువు కాసేపు పక్కకి వేస్తాడు, వేళ్ళ వైపు ఒరుగుతాడు. ఆ సన్నటి అసౌకర్యమే మనని అలా నడిపిస్తుంది. స్పర్శ లేని కాలు మొదటి కిలోమీటరులో ఎలా పడిందో పదో కిలోమీటరులోనూ సరిగ్గా అలాగే, అదే ఎముక కింద అదే చర్మం మీద పడుతుంది. 1966లో బ్రాండ్ అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళాక ఎలుకల పాదాల మీద ప్రయోగం చేసి దీన్ని రుజువు చేశాడు. చర్మాన్ని చీల్చేంత పెద్ద ఒత్తిడి అక్కర్లేదు, మామూలు ఒత్తిడే ఒకే చోట వేలసార్లు పడితే లోపల వేడెక్కి, వాచి, చివరికి పుండు తెరుచుకుంటుంది. అంటే అరికాలి పుండు చాలాసార్లు లోపలినుంచి బయటికి వస్తుంది. మనం చూసే రోజుకి అది పాతబడి ఉంటుంది.

ఆ కార్‌విల్‌లోనే కుష్ఠు రోగుల పక్కన ఇంకో రకం కాళ్ళు కూడా పరీక్షకు వచ్చాయి, షుగర్ రోగులవి. చూస్తే అవే పుళ్ళు, అవే చోట్లలో. క్రిమి లేదు, కానీ ఏళ్ళ తరబడి రక్తంలో ఎక్కువైన చక్కెర నరాల్ని దెబ్బతీస్తుంది, అన్నిటికంటే పొడుగైన నరాలు ముందు దెబ్బతింటాయి, పొడుగైనవి పాదాలకు వెళ్ళేవే. మొదట మంటలు, తిమ్మిర్లు, రాత్రి సూదులు గుచ్చినట్టు ఉండటం. కొన్నేళ్ళకు అవి తగ్గిపోతాయి, హమ్మయ్య అనుకుంటాం. చాలామందిలో అది తగ్గడం కాదు, కబురు తెచ్చే నరం మూగబోవడం.

దీన్ని పట్టుకునే పరీక్షకు పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ పిడికి బిగించిన నైలాన్ పోగు, దాన్ని అరికాలి మీద వంగేదాకా ఆనిస్తే 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది, కళ్ళు మూసుకున్న మనిషి తగిలింది అని చెప్పాలి. చెప్పలేకపోతే కాలిని కాపాడే స్పర్శ పోయినట్టే. ఆ 10 గ్రాముల హద్దుని 1980లలో తేల్చినవాళ్ళు కార్‌విల్ వాళ్ళే, కుష్ఠు రోగుల మీదా షుగర్ రోగుల మీదా పరీక్షించి. చెన్నైలో ఇది దొరకని పరీక్ష కాదు. రాయపురంలో 1954లోనే ఎం. విశ్వనాథన్ గారు షుగర్ కోసమే ఒక ఆస్పత్రి పెట్టిన ఊరిది, దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో లెక్క తేల్చిన పెద్ద సర్వేని నడిపిన పరిశోధన సంస్థ కూడా ఈ ఊరిదే. అయినా వీధి చివర క్లినిక్‌లో నెలనెలా చీటీ రాయించుకునే మనిషిని చెప్పులు విప్పమని అడగడం చాలా చోట్ల జరగదు. రక్తం రిపోర్టు చూసి మాత్రలు రాసి పంపేస్తారు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం, ఎందుకంటే ఆ నైలాన్ పోగు పరీక్షకు రెండు మూడు నిమిషాలు చాలు.

ఇంకో చిక్కుముడి ఉంది. షుగర్ ఉంటే పుండు మానదు అని మనవాళ్ళు తీర్మానించేస్తారు. సగం నిజం. బ్రాండ్ కుష్ఠులో చూసింది ఏమిటంటే, మానని పుండు మీద మనిషి రోజూ నడుస్తున్నాడు, అందుకే మానలేదు. నడక ఆపిస్తే మానింది. కానీ కూలి పనికి వెళ్ళే మనిషిని నెలల తరబడి మంచంలో ఉంచలేరు కదా, అందుకని పాదానికి అచ్చుగుద్దినట్టు అంటుకునే ప్లాస్టర్ కట్టు వేసి బరువుని పాదమంతా, పిక్క మీదకూ పంచే పద్ధతి వాడారు. ఇది ఆయన సొంతం కాదు, అంతకు ముందే సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) మిల్‌రాయ్ పాల్ అనే సర్జన్ చేశారు. బ్రాండ్ దాన్ని నమ్మి, కార్‌విల్ దాకా తీసుకెళ్ళి, షుగర్ వైద్యుల చేతిలో పెట్టాడు. ఇప్పటికీ స్పర్శ పోయిన అరికాలి పుండుకు ఇదే మేలైన వైద్యాల్లో ఒకటి. మన దగ్గర మాత్రం పుండు మీద పౌడర్ మారుస్తాం, ఆయింట్‌మెంట్ మారుస్తాం, డాక్టర్ని మారుస్తాం, ఆ పాదం మీదే నడిచి మూడో అంతస్తు ఎక్కుతాం. అయితే ఒకటి, షుగర్ రోగుల్లో కొందరికి నరాలతో పాటు కాలికి రక్తం తెచ్చే గొట్టాలూ పూడుకుపోతాయి. అలాంటివాళ్ళకు బరువు తీసేస్తే చాలదు, బిగుతు ప్లాస్టర్ ప్రమాదం కూడా. ఇన్‌ఫెక్షన్ ముదిరినా అంతే. కాబట్టి పుండు పడగానే ఇది నరం వల్లా, రక్తం అందకా, రెండూనా అని తేల్చమని అడగాలి. ఈ తేడా తేలకుండా చేసే డ్రెస్సింగులన్నీ గుడ్డి వైద్యమే.

నొప్పి లేని లోటుని యంత్రంతో పూడ్చొచ్చా అని బ్రాండే ప్రయత్నించాడు. కార్‌విల్‌లో ప్రభుత్వం డబ్బుతో చేతి తొడుగుల్లో ఒత్తిడి కొలిచే సెన్సర్లు పెట్టి, ప్రమాదం అయితే చెవిలో మోత వచ్చేలా చేశారు. రోగులు మోత విని కూడా పని ఆపలేదు. లైటు పెట్టారు, అదీ అంతే. చివరికి స్పర్శ ఉన్న చోట చిన్న కరెంటు షాక్ ఇచ్చేలా చేశారు. పని తొందరగా తెమలాలనుకున్నప్పుడు రోగి స్విచ్ ఆపేసి, పని అయ్యాక మళ్ళీ వేసుకునేవాడు. ఆ ప్రాజెక్టు అక్కడితో వదిలేశారు. మన చేతిలో ఆపే వీలున్న హెచ్చరిక నొప్పితో సమానం కాదని బ్రాండ్‌కి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇవాళ రెండు పాదాల వేడి కొలిచి, ఒకే చోట ఒక పాదం కంటే ఇంకోటి 2.2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంటే నడక తగ్గించమని చెప్పే పద్ధతులు వచ్చాయి, మంచివే, కానీ ఫోన్‌లో వచ్చే హెచ్చరికని మనం ఎలా పక్కకి తోసేస్తామో మనకు తెలుసు. అందుకే రోజూ ఇంట్లో ఇంకొకరు చూసే పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ. అమ్మ కాలు కూతురు చూడటం, మావయ్య కాలు కోడలు చూడటం. వంగి అరికాలు చూసుకోలేని వయసు వాళ్ళకి ఇంకో దారి లేదు, చూపు తగ్గినవాళ్ళకి అసలే లేదు.

చెన్నై వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది చెప్పులు లేని నడక గురించి. ఎండాకాలం గుడి ప్రాకారంలో రాయి మీద ప్రదక్షిణం, అలిపిరి మెట్ల దారి, మొక్కు ఉందని పాదయాత్ర. స్పర్శ పోయిన పాదానికి కాలడం తెలియదు, ఇంటికొచ్చి సాయంత్రం బొబ్బలు చూసుకుంటారు. మొక్కు మానమని నేను చెప్పను, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి, ముందు ఆ నైలాన్ పోగు పరీక్ష చేయించుకోండి, తగలడం తెలియకపోతే మేజోళ్ళు వేసుకునైనా నడవండి.

ఇక చెప్పులు. వేలూరులో బ్రాండ్ బృందం రకరకాల అచ్చులూ పదార్థాలూ ప్రయత్నించి చివరికి మైక్రోసెల్యులర్ రబ్బరు దగ్గర ఆగింది. చిన్నచిన్న గాలి గదులున్న మెత్తటి రబ్బరు, ఒత్తిడిని పంచుతుంది, త్వరగా అణగదు, కింద గట్టి సోల్ ఉండటంతో ముల్లు దిగదు. చెప్పులు కుట్టేవాళ్ళకి శిక్షణ ఇచ్చి రోగి పాదానికి సరిపడా చేయించేవాళ్ళు. చెన్నైలో ఇప్పటికీ ఎం.సి.ఆర్. చెప్పులు అనే పేరుతో అమ్ముతారు, షుగర్ డాక్టర్లు రాస్తారు. బ్రాండ్ 2003లో సియాటిల్‌లో పోయారు, లాస్కర్ అవార్డు లాంటి గౌరవాలు చాలా వచ్చాయి, కానీ చెన్నైలో షుగర్ ఉన్న మనిషి కాలికి రోజూ తగిలే ఆయన పని ఈ చెప్పే. చిక్కల్లా, ఇవి చాలా ఏళ్ళు నల్లగా, మొద్దుగా, చూడగానే కుష్ఠు చెప్పులని గుర్తుపట్టేలా ఉండేవి. దేశం 2005 చివరికి కుష్ఠుని పదివేల మందిలో ఒకరికంటే తక్కువకి తెచ్చింది, అయినా ఏటా లక్షకు పైగా కొత్త కేసులు వస్తున్నాయి, ఆ భయం మాత్రం ఇంకా పాతదే. పెళ్ళికి వేసుకెళ్ళడానికి ఆడవాళ్ళు ఒప్పుకోరు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని మగవాళ్ళూ బీరువా కింద పడేస్తారు. ఇప్పుడు అదే రబ్బరు లోపల పెట్టి పైన మామూలు తోలు చెప్పుల్లా, బెల్టు శాండిల్స్‌లా కుట్టి ఇస్తున్నారు, రంగులు కూడా ఉన్నాయి. దుకాణానికి వెళ్ళినప్పుడు ఆ నల్లవే చూపించి సరిపెడితే ఊరుకోకుండా, మిగతావి కూడా తియ్యమని అడగండి. వెనక బెల్టు ఉన్నవే తీసుకోండి, స్పర్శ లేని కాలి నుంచి బెల్టు లేని చెప్పు జారిపోయినా తెలియదు.